గొంతు మీద సన్నని గీత

జూలై మొదటి వారం. బొబ్బిలి దగ్గర మా అత్తగారి ఊళ్ళో మామిడి తోట. కాయలు కోసేశారు, తోటలో అలికిడి లేదు. కింది కొమ్మ మీద పావురమంత పక్షి ఒకటి కూర్చుంది. గోధుమరంగు వీపు, పసుపు కళ్ళు, తెల్లటి రొమ్ము మీద పొడుగాటి గోధుమ బొట్లు. ఇలాంటిదాన్ని నేనెప్పుడూ చూడలేదు. తోట కాసే ముసలమ్మకి మాత్రం ఏ అనుమానమూ లేదు. "గెద్ద బావూ. మొన్న నా కోడిపిల్లని తన్నుకుపోనాది" అంది.

ఫొటో తీసి ఫోన్లో వెతికితే కూపర్స్ హాక్ అని వచ్చింది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే కవలల్లాగే ఉన్నాయి. కానీ ఆ డేగ ఉండేది ఉత్తర అమెరికాలో. బొబ్బిలి మామిడి తోటలో దానికేం పని? అసలు ఈకల సంగతి తర్వాత, ముందు ఊరూ నెలా చూసుకోవాల్సింది.

మన దగ్గర కనిపించే చిన్న డేగల్లో ఒకటి యూరేషియన్ స్పారోహాక్. అది మన మైదానాలకి చలికాలం చుట్టం, జూలైలో ఉండదు. బెస్రా అనేది దట్టమైన అడవి పక్షి. దాని గొంతు మధ్య నిలువు గీత లావుగా, కొట్టొచ్చినట్టు ఉంటుంది. నా ఫొటోని పెద్దది చేసి చూస్తే గీత ఉంది గానీ సన్నగా, పెన్సిల్‌తో గీసినట్టుంది. అంటే ఇది షిక్రా. మన జాలెడేగే.

మరి షిక్రాని నేను ఎన్నిసార్లు చూశానో! బూడిదరంగు వీపు, రొమ్ము మీద ఇటుకరంగు సన్నని అడ్డచారలు, మగదానికైతే ఎర్రటి కళ్ళు. ఇదేమో అలా లేదు. కారణం వయసు. షిక్రాలు ఎండాకాలంలో గూడు కడతాయి, వానలు పడేసరికి పిల్లలు ఎగరడం నేర్చుకుంటాయి. పిల్లకి గోధుమరంగు, రొమ్ము మీద బొట్లు. ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కున్నాకే బూడిదరంగూ అడ్డచారలూ వస్తాయి. మగవాటి కళ్ళు కూడా పసుపు నుంచి మెల్లగా ఎర్రబడతాయి. అందుకే డేగల విషయంలో రంగుని నేను ఆఖరి సాక్షిగానే పిలుస్తాను. పొట్టి గుండ్రటి రెక్కలు, పొడుగు తోక అయితే ఏ వయసులోనైనా మారవు. కొమ్మల మధ్య చటుక్కున మలుపు తిరగడానికి ఆ తోకే చుక్కాని.

ఇంకో దొంగ ఉంది. వానాకాలంలో రాత్రీ పగలూ గొంతు పెంచుకుంటూ అరిచే హాక్ కుక్కూ. ఇది కోకిల జాతి, కానీ వేషమంతా షిక్రాదే: చారలు, తోక పట్టీలు, నాలుగుసార్లు రెక్కలాడించి జారిపోయే ఎగురుడు కూడా. పిల్లలు సైతం షిక్రా పిల్లల్లాగే ఉంటాయి! గుడ్లేమో బాబ్లర్ అనే పిట్టల గూళ్ళలో పెట్టి పోతుంది. రంగుతో దీన్ని పట్టుకోలేం. ముక్కు చూడాలి. డేగ ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది, దీనిది దాదాపు తిన్నగా ఉంటుంది. వేటని గుచ్చి పట్టే గోళ్ళూ దీనికి లేవు.

నా ఫొటోలో ముక్కు వంకర స్పష్టంగా ఉంది. వెళ్ళి ముసలమ్మకి ఫోన్ చూపించి "ఇది గద్ద కాదమ్మా, డేగ పిల్ల" అన్నాను.

"పిల్లే? అయితే దీని తల్లి కూడా ఇక్కడే ఉంటాది" అని, కోడిపిల్లల్ని కమ్మడానికి గంప తేవడానికి లేచింది.