రామానుజన్ కలానికి దొరకని సంఖ్య

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోనులో "తాతయ్యా, నీకు తెలిసిన అన్నిటికంటే పెద్ద సంఖ్య ఏది?" అని అడిగారు. ఒకటి వేసి సున్నాలు చుట్టుకుంటూ పోతే ఎంత పెద్దదైనా వస్తుంది, అందులో మజా ఏముంది? నాకిష్టమైనది చెబుతాను: 2,93,31,86,25,600. అంటే 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600.

మా చిన్నప్పుడు రూపాయికి పదహారణాలు. 16ను శేషం రాకుండా భాగించేవి 1, 2, 4, 8, 16. ఐదే. 12 అంతకంటే చిన్నది, దానికి మాత్రం ఆరు: 1, 2, 3, 4, 6, 12. పైగా 12 లోపు ఏ సంఖ్యకూ ఆరు లేవు. తనకంటే చిన్నవాటన్నిటినీ కారణాంకాల లెక్కలో ఓడించే ఇలాంటి సంఖ్యల మీద శ్రీనివాస రామానుజన్ 1915లో లండన్‌లో పెద్ద వ్యాసం అచ్చువేయించాడు. మరుసటి ఏడు కేంబ్రిడ్జి ఆయనకు బి.ఏ. ఇచ్చింది ఈ పని మీదే. అందులో వందకు పైగా సంఖ్యల పట్టిక ఉంది. కంప్యూటరు లేదు, అంతా చేతిలెక్క. ఆరు లక్షల కోట్లు దాటేదాకా వెళ్లాడు మహానుభావుడు. దారిలో ఒక్కటి జారిపోయింది. అదే మన సంఖ్య!

దాన్ని విడగొడితే 2 ఆరుసార్లు, 3 నాలుగుసార్లు, 5, 7 రెండేసిసార్లు, 11, 13, 17, 19 ఒక్కొక్కసారి వస్తాయి. విస్తట్లో ఆరు గారెలుంటే ఒక్కటీ తినకపోవడం దగ్గర్నుంచి ఆరూ తినేయడం దాకా ఏడు దారులు కదా. 2ల సంగతీ అంతే. 3లకు ఐదు దారులు, 5కు మూడు, 7కు మూడు, మిగతా నాలుగింటికీ రెండేసి. 7×5×3×3×2×2×2×2 చేయండి. 5040 కారణాంకాలు! ఆ 5040 కూడా ఈ జాతిదే. కారణాంకాలను జతలు కడితే 2520 జతలు. 1 నుంచి 10 దాకా అన్నిటితోనూ భాగించబడే అతి చిన్న సంఖ్య 2520. ఇవి కాకతాళీయాలే, అయినా నాకు ముచ్చటేస్తుంది.

ఆ 6, 4, 2, 2, 1, 1, 1, 1 వరుస చూశారా? ఎక్కడా పైకి ఎక్కదు. 18 అంటే 2×3×3, 12 అంటే 2×2×3. రెండింటికీ ఆరేసి కారణాంకాలు, కానీ 12 చిన్నది. పెద్ద ప్రధాన సంఖ్యను ఎక్కువసార్లు వాడితే ఒరిగేదేమీ లేదు, సంఖ్య ఉబ్బుతుందంతే.

ఇంకొకటి. 1 నుంచి 22 దాకా ఏది తీసుకున్నా మన సంఖ్యను భాగిస్తుంది. 23 దగ్గర తట్టుకుని పడుతుంది. మళ్లీ 24 నుంచి 28 దాకా హాయిగా నడుస్తుంది. కాలిక్యులేటరు ముట్టుకోకుండా, అమ్మను అడక్కుండా, ఎందుకో రాసి పంపండి.

మీ తాతయ్య