పెంటసీన్ అణువును తడిమిన సూది

విజయవాడ, గుంటూరు కళాశాలల్లో ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రం చదివే విద్యార్థులందరూ బెంజీన్‌ను షడ్భుజంగా గీస్తారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకులే 1865లో ప్రతిపాదించిన ఆ వలయాకారాన్ని ఇరవయ్యో శతాబ్దంలో ఎక్స్-కిరణాలు ధ్రువపరిచాయి. అయితే ఆ కిరణాలు చూపేది స్ఫటికంలో బారులు తీరిన అసంఖ్యాక అణువుల సగటు రూపం. ఒంటరిగా ఉన్న ఒక్క అణువులోని వలయాలను స్పష్టంగా చూపిన చిత్రం 2009లో, జ్యూరిక్ సమీపంలోని ఐబీఎం ప్రయోగశాలలో లియో గ్రోస్ బృందం చేతుల మీదుగా వెలువడింది. అందులోని అణువు పెంటసీన్: వరుసగా అతుక్కున్న ఐదు వలయాలు, 22 కార్బన్లు, 14 హైడ్రోజన్లు.

పెంటసీన్ పొడవు దాదాపు 1.4 నానోమీటర్లు. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 400 నానోమీటర్లకు పైమాటే కాబట్టి మామూలు సూక్ష్మదర్శినికి అది అందదు. బిన్నిగ్, క్వేట్, గెర్బర్ 1986లో రూపొందించిన పరమాణు బల సూక్ష్మదర్శిని, కళ్లు మూసుకుని శిల్పాన్ని వేలితో తడిమినట్టుగా, సూది మొనతో ఉపరితలాన్ని తడుముతుంది. గ్రోస్ బృందం వాడిన పరికరంలో ఈ సూదిని మోసేది, చేతి గడియారాల్లో ఉండేలాంటి క్వార్ట్జ్ శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్); ఆ ఏర్పాటు ఫ్రాంజ్ గీసిబుల్ ఆలోచన. దండం అతి స్వల్పంగా కంపిస్తూ అణువు మీదుగా కదిలినప్పుడు, మొనకూ అణువుకూ మధ్య బలం మారిన చోటల్లా కంపనాల పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది. ఆ మార్పులను బిందువు బిందువుగా నమోదు చేస్తే చిత్రమవుతుంది.

అసలు కిటుకు మొన చివర ఉంది. లోహపు మొనను మరీ దగ్గరకు తెస్తే అణువు పక్కకు జరుగుతుంది, లేదా మొనకే అంటుకుంటుంది. అందుకే పరిశోధకులు ఆ మొనకు ఒకే ఒక్క కార్బన్ మోనాక్సైడ్ అణువును, ఆక్సిజన్ కిందివైపుకు వచ్చేలా, తగిలించారు. అది ఇతర అణువులతో తేలిగ్గా చర్య జరపదు కనుక మొనను మరింత దగ్గరకు దించవచ్చు. అక్కడ పౌలీ వర్జన నియమం (రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండలేవన్న నియమం) వల్ల పుట్టే వికర్షణ, ఎలక్ట్రాన్లు దట్టంగా ఉన్న బంధాల మీద ఎక్కువగా ఉంటుంది; చిత్రంలో వలయాల గీతలు కనిపించేది అందువల్లే. ఇదంతా అతిశూన్యంలో, 5 కెల్విన్ (దాదాపు మైనస్ 268 డిగ్రీల సెల్సియస్) దగ్గర జరగాలి. లేకపోతే అణువు నిలకడగా ఉండదు.

ఇవి ఛాయాచిత్రాలు కావని మన విద్యార్థులకు తప్పక చెప్పాలని నా అభిప్రాయం. మొన చివరి కార్బన్ మోనాక్సైడ్ ఇటూ అటూ ఒరుగుతుంది, దానితో గీతలు నిజమైన చోటు నుంచి జరిగి, అవసరానికి మించి పదునెక్కుతాయి. పక్కపక్క అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలను చూశామని 2013లో ఒక బృందం ప్రకటించగా, బంధమే లేని చోట కూడా అలాంటి గీతలు వస్తాయని మరుసటి ఏడాది ఇంకో బృందం చూపింది. ఈ వివాదం వల్ల పద్ధతి విలువ తగ్గలేదు సరికదా, చిత్రాన్ని లెక్కలతో సరిపోల్చి చదివే క్రమశిక్షణ బలపడింది.

చదునైన అణువులకే ఇది బాగా నప్పుతుంది. గుంటూరు మిరప ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్‌లో చదునైన వలయం ఒకటే, మిగిలినది ఎటైనా మెలితిరగగల పొడవాటి తోక. అలాంటి ఎత్తుపల్లాలున్న చోట పై భాగం మాత్రమే మొనకు తగులుతుంది. ముడిచమురులోని బరువైన పదార్థాలైన ఆస్ఫాల్టీన్లలో మాత్రం చదునైన వలయాల గుంపులు ఎక్కువ. అవి ఒకదాన్నొకటి పోలని అణువుల మిశ్రమం కాబట్టి సగటు రూపం చెప్పే పద్ధతులు అక్కడ అంతగా పనికిరావు. 2015లో పరిశోధకులు ఈ మొనతో వందకు పైగా ఆస్ఫాల్టీన్ అణువులను విడివిడిగా పరిశీలించి, వాటి నిర్మాణాల్లో ఎంత వైవిధ్యముందో నేరుగా చూపగలిగారు.