క్యూ నిండితే ఏం చేయాలి?

యాసంగి కోతలు మొదలైతే మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఆగిపోతాయి. సాగర్ ఎడమ కాలువ కింద పొలాలన్నీ ఇంచుమించు ఒకేసారి కోతకొస్తాయి. మిషన్ దిగిందంటే కోత ఎంతోసేపు పట్టదు. మిల్లు దించుకునే వేగం మాత్రం మారదు. రద్దీ మరీ ముదిరిన సీజన్లలో రైతులకు టోకెన్లు రాసిచ్చి, ఆ తేదీకే రమ్మన్నారు. టోకెన్ ఇచ్చినంత మాత్రాన మిల్లు ఒక్క బస్తా కూడా ఎక్కువ ఆడించదు. కానీ ఆగాల్సిన వడ్లు రోడ్డు మీదికి రాకముందే, కోత దగ్గరే ఆగుతాయి.

అదే మిల్లు కాంటా గదిలో ఒక కంప్యూటర్ ఉంటుంది. దాని లోపల కూడా ఇలాంటి వరుసలు నడుస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ పుస్తకాల్లో వాటిని మెసేజ్ క్యూలు అంటారు. పాఠంలో ఇవి రెండు పేజీల్లో అయిపోతాయి. అసలు కష్టం క్యూ నిండినప్పుడు మొదలవుతుంది, దాని గురించే ఎక్కువ చెప్పుకోవాలని నాకనిపిస్తుంది.

కాంటా గదిలో మూడు ప్రోగ్రాములు నడుస్తున్నాయనుకుందాం. ఒకటి కాంటా నుంచి బరువు చదువుతుంది, ఒకటి చీటీ ప్రింట్ చేస్తుంది, ఇంకొకటి ఆఫీసు లెక్కల్లోకి ఎక్కిస్తుంది. నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ఒక ప్రాసెస్ మెమరీలోకి ఇంకో ప్రాసెస్ మామూలుగా తొంగి చూడలేదు. ఒకటి చెడిపోతే మిగతావాటిని చెడగొట్టకూడదని అలా కట్టుదిట్టం చేశారు. అందుకే బరువు చదివిన ప్రాసెస్ ఆ అంకెను ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు అప్పగిస్తుంది. కెర్నెల్ దాన్ని తన మెమరీలోకి కాపీ చేసుకొని, క్యూలో పెట్టి, అవతలి ప్రాసెస్ అడిగినప్పుడు మళ్లీ దాని మెమరీలోకి కాపీ చేస్తుంది. రెండు కాపీల వల్ల కొంత ఆలస్యమైనా, ఎవరి గదిలో వాళ్లు క్షేమంగా ఉంటారు.

యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో రెండు ప్రాసెస్‌లను కలిపే, ఇంతకంటే పాతదైన పైప్ ఉంది కదా, మళ్లీ క్యూ ఎందుకు? పైప్‌లో బైట్లు నీళ్లలా పారతాయి, ఒక మాట ఎక్కడ ముగిసిందో దానికి తెలియదు. మన లిపితోనే చూడండి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి (అక్షరం, పొల్లు, గుణింతం గుర్తు, సున్న దేనికదే) 3 బైట్లు పడతాయి. ‘నల్లగొండ’ 24 బైట్లు, ‘జడ్చర్ల’ 21 బైట్లు. రెండూ వరుసగా పైప్‌లోకి పంపితే 45 బైట్ల పోగు అవుతుంది. అవతల 10 బైట్లు మాత్రమే చదివితే ‘నల్’ వరకు వచ్చి, తర్వాతి ‘ల’ మూడో వంతులో తెగిపోతుంది. మెసేజ్ క్యూలో ఈ బాధ లేదు. పంపినప్పుడు ఎంత ఉందో, అందుకున్నప్పుడూ అంతే, ఒక్క ముక్కగా వస్తుంది.

క్యూకు హద్దు ఉంటుంది. లైనక్స్‌లో పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) పద్ధతి క్యూకు మామూలుగా పెట్టి ఉంచే హద్దు 10 మెసేజ్‌లు, ఒక్కొక్కటి 8192 బైట్ల లోపు. కావాలంటే పెంచుకోవచ్చు. పెంచడం చాలామందికి మొదట తోచే పరిష్కారం, నా దృష్టిలో చాలాసార్లు తప్పు పరిష్కారం. చీటీ ప్రాసెస్ సెకనుకు 5 మెసేజ్‌లు తీయగలదనుకోండి. క్యూలో 10 ఉంటే చివరిదానికి 2 సెకన్లలో వంతు వస్తుంది. 1000 ఉంటే 200 సెకన్లు పడుతుంది. కాసేపు ఎక్కువ, కాసేపు తక్కువ వస్తుంటే క్యూ ఆ హెచ్చుతగ్గులను సర్దుతుంది. రాక ఎప్పుడూ పోకకంటే ఎక్కువే అయితే, ఎంత పెద్ద క్యూ అయినా ఎప్పుడో ఒకప్పుడు నిండాల్సిందే.

ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది, క్యూ నిండింది. ఇప్పుడు బరువు ప్రాసెస్ పదకొండో మెసేజ్ పంపబోతే కెర్నెల్ దాన్ని నిద్రపుచ్చుతుంది. ప్రాసెసర్‌ను వేరేవాళ్లకు ఇచ్చేసి, క్యూలో చోటు దొరికాక లేపుతుంది. ఆగను, వెంటనే జవాబు చెప్పమని ముందే అడిగితే, ‘ఇప్పుడు చోటు లేదు’ అనే ఎర్రర్ ఇచ్చి పంపేస్తుంది. ఏది ఎంచుకోవాలన్నది మెసేజ్ విలువను బట్టి ఉంటుంది. చీటీ మీది బరువు రైతు డబ్బు. అది పోకూడదు, ఆగాలి. బోర్డు మీద క్షణక్షణం మారే అంకెకు ఆ అవసరం లేదు, పాతది పారేసి కొత్తది పంపినా ఎవరికీ నష్టం లేదు. ఈ రెండింటినీ ఒకే క్యూలో, ఒకే నియమంతో నడపడం మంచి పని కాదు.

అత్యవసర మెసేజ్‌లకు ప్రయారిటీ అంకె ఇచ్చి ముందుకు పంపే వీలు పోసిక్స్ క్యూలో ఉంది. అతిగా వాడితే వెనకున్నవాటికి వంతే రాదు.

ఆగడంలో ఇంకో గండం ఉంది. బరువు ప్రాసెస్ చీటీ ప్రాసెస్‌కు పంపుతూ దాని క్యూ నిండి ఆగింది. అదే సమయంలో చీటీ ప్రాసెస్ ‘ప్రింట్ అయింది’ అని తిరిగి చెప్పబోతే, బరువు ప్రాసెస్ క్యూ కూడా నిండి ఉంది. ఇద్దరూ నిద్రలోకి జారుకుంటారు, ఎవరినీ లేపేవాళ్లుండరు. దీనికి 1969లోనే ముచ్చటైన ఉపాయం చూపినవాడు కంప్యూటర్ శాస్త్రవేత్త పెర్ బ్రింక్ హాన్సెన్. డెన్మార్క్‌లో ఆర్‌సీ 4000 కంప్యూటర్ కోసం ఆయన బృందం రాసిన సిస్టమ్‌లో, మెసేజ్ ఏ బఫర్‌లో (మెసేజ్ పెట్టే మెమరీ ముక్కలో) వచ్చిందో జవాబు కూడా అదే బఫర్‌లో వెనక్కి వెళ్లేది. మెసేజ్ పంపినప్పుడే జవాబుకు చోటు ఖాయమైపోయేది. ఒక్కో ప్రాసెస్ ఎన్ని బఫర్లు వాడుకోవచ్చో కూడా ముందే హద్దు పెట్టారు. ఇన్నేళ్ల తర్వాత చదివినా ఆ ఆలోచన నాకు ఎంతో ఇష్టం.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ల్యాబ్‌లో కూర్చున్న విద్యార్థులకు ఒక మాట. సిస్టమ్ ఫైవ్ క్యూ (యూనిక్స్‌లో పోసిక్స్‌కంటే పాత రకం), ప్రోగ్రామ్ ముగిసినా పోదు. మీరు తీసేసేవరకో, మెషిన్ రీస్టార్ట్ అయ్యేవరకో కెర్నెల్‌లోనే ఉంటుంది. అందుకే ప్రోగ్రామ్ మళ్లీ నడిపితే నిన్నటి మెసేజ్ ప్రత్యక్షమవుతుంది. ‘ఐపీసీఎస్’ కమాండ్‌తో మిగిలిపోయిన క్యూలు చూసి, ‘ఐపీసీఆర్‌ఎమ్’తో తీసేయండి.

కరెంటు పోతే మాత్రం క్యూలో ఉన్నదంతా పోతుంది, ఎందుకంటే అది ఉండేది మెమరీలోనే. అందుకని బరువు ప్రాసెస్ ప్రతి బరువునూ ఒక చీటీ నంబరుతో ముందు డిస్క్ మీద రాసి, ఆ తర్వాతే క్యూలో వేయాలి. ప్రింట్ అయిందని కబురు వచ్చాక ఆ నంబరు పక్కన గుర్తు పెట్టాలి. కరెంటు వచ్చాక గుర్తు లేనివాటిని మళ్లీ పంపుతుంది. చీటీ ప్రింటయ్యాక, గుర్తు పడే లోపే కరెంటు పోయి ఉండొచ్చు. అప్పుడు ఒకే ట్రాక్టర్‌కు రెండు అసలు చీటీలు రాకుండా, చీటీ ప్రాసెస్ కూడా తాను ప్రింట్ చేయబోయే నంబరును ముందే డిస్క్ మీద రాసుకొని, పాత నంబరు మళ్లీ వస్తే దానిపై ‘నకలు’ అని ముద్రించాలి.