కూజాల సీమలో మట్టికి కొదవలేదు

ఆవకాయ జాడీని గోటితో మీటితే ఖంగుమంటుంది. మట్టికుండను మీటితే ఆ మోత రాదు. తేడా ఆవంలో ఉంది. కుండ వెయ్యి డిగ్రీల లోపే కాలుతుంది. జాడీ రకం పాత్రలకు 1200 డిగ్రీల దాకా వేడి కావాలి. అప్పుడే మట్టి రేణువులు కొంత కరిగి, ఒకదానికొకటి అతుక్కుని, ఉప్పునూ పులుపునూ లోపలికి ఇంకనివ్వని రాయిలా తయారవుతాయి. అంత వేడికి కూలిపోకుండా నిలబడే బంకమట్టి అన్నిచోట్లా దొరకదు. జర్మనీలో కోబ్లెంజ్ నగరానికి దగ్గర, వెస్టర్‌వాల్డ్ కొండల్లో అది పుష్కలంగా ఉంది. అక్కడి హోర్-గ్రెంట్స్‌హౌజెన్ పట్టణాన్నీ చుట్టుపక్కల ఊళ్లనూ కలిపి కానెన్‌బెకర్‌లాండ్ అంటారు. కూజాలు కాల్చేవాళ్ల సీమ అని అర్థం.

ఇప్పుడు ఆ సీమలో కూజాలు కాల్చేవాళ్లు కొద్దిమందే మిగిలారు. మట్టి మాత్రం రోజూ తవ్వుతూనే ఉన్నారు. అందులో చాలా భాగం టైల్స్ కర్మాగారాలకు వెళుతుంది, ఇటలీ దాకా కూడా. ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే నాలుగు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

కుమ్మరి పని అక్కడ అంతకుముందే ఉంది. దానికి పేరు తెచ్చినవాళ్లు మాత్రం వలస వచ్చినవాళ్లు. 1590 ప్రాంతంలో జీగ్‌బుర్గ్ నుంచీ, ఇప్పుడు బెల్జియంలో ఉన్న రేరెన్ నుంచీ పేరున్న కుమ్మరి కుటుంబాలు ఇక్కడికి చేరాయి. 1580లలో కొలోన్ ప్రాంతాన్ని కుదిపేసిన యుద్ధం ఈ వలసకు ఒక కారణం. మంచి మట్టీ, కాల్చడానికి అడవుల్లో కట్టెలూ ఉండటం ఇంకో కారణం. వాళ్ల చేతుల్లోనే బూడిదరంగు ఒంటి మీద నీలి పూలున్న వెస్టర్‌వాల్డ్ కూజా రూపు దిద్దుకుంది.

ఆ నీలం కోబాల్టు. అంత వేడిలోనూ మాడిపోకుండా నిలిచే రంగులు తక్కువ. కోబాల్టు నీలం, తర్వాత వచ్చిన మాంగనీసు ఊదా, దాదాపు అంతే. పచ్చి కూజా మీద ముందు సన్నటి గీతలు గీసి, వాటి మధ్య రంగు నింపేవాళ్లు. రంగు పక్కకు పాకకుండా ఆ గీతే గట్టు. ఇక మెరుపు సంగతి. ఆవం బాగా వేడెక్కిన సమయంలో పైకప్పు రంధ్రాల్లోంచి ఉప్పు చల్లుతారు. మనం కూరలో వేసే ఉప్పే. అందులోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి పాత్ర ఒంటి మీద పలచటి గాజుపొరగా మారుతుంది. వేలితో తడిమితే నారింజ తొక్కలా సన్నటి గరుకు తగులుతుంది. మిగిలిన క్లోరిన్ ఆమ్లపు పొగగా బయటికి పోతుంది. పాత ఆవాల గురించి మురిసిపోయే పర్యాటకులు ఆ పొగలో బతికినవాళ్లు కారు.

అప్పట్లో ఊరు కూడా ఒక్కటి కాదు. హోర్ అనేది ట్రియర్ నగర ఆర్చిబిషప్పు పాలనలోని క్యాథలిక్ ఊరు. పక్కనే ఉన్న గ్రెంట్స్‌హౌజెన్ వీడ్ ప్రభువుల కింద ప్రొటెస్టెంట్ ఊరు. రెండూ కలిసి ఒక పట్టణమైంది 1936లో.

ఈ కూజాలు ఇంగ్లండు రాజుల పేరు మీద ‘జీఆర్’ (జార్జ్ రాజు అని అర్థం) ముద్ర వేయించుకుని సముద్రాలు దాటి అమెరికా వలసల దాకా వెళ్లాయి. అయితే నా దృష్టిలో ఈ సీమను పోషించింది పూల కూజాలు కాదు, నీళ్ల సీసాలు. దగ్గరలోని సెల్టర్స్ ఊటనీరు దూరదేశాలకు వెళ్లేది మట్టి సీసాల్లోనే. ప్రతి సీసా మీదా ఊట పేరుతో ముద్ర ఉండేది. చాలావాటి మీద చేసిన ఊరిని, కుమ్మరిని గుర్తించే అక్షరమూ అంకెలూ కనిపిస్తాయి. 1866లో ఈ ఊట ఉన్న నసావ్ రాజ్యాన్ని పెద్ద జర్మన్ రాజ్యమైన ప్రష్యా కలుపుకోవడంతో సీసా మీద ముద్ర కూడా మారింది. ఆ తర్వాత గాజు సీసా చవకైంది. పనితనం తగ్గి కాదు, కొనేవాడి అవసరం మారి ఈ వృత్తి దెబ్బతింది.

తట్టుకునే ప్రయత్నాలు జరగకపోలేదు. 1879లో ఇక్కడ కుమ్మరి విద్యకు బడి పెట్టారు. 20వ శతాబ్దం మొదట్లో రిచర్డ్ రీమర్‌ష్మిడ్, హెన్రీ వాన్ డి వెల్డె వంటి రూపకర్తలు ఇక్కడి కర్మాగారాలకు కొత్త నమూనాలు గీసిచ్చారు. ఈరోజు హోర్-గ్రెంట్స్‌హౌజెన్‌లో సిరామిక్ మ్యూజియం ఉంది. సిరామిక్ కళనూ ఇంజనీరింగునూ నేర్పే ఉన్నత విద్యాసంస్థ ఉంది. చుట్టూ మట్టిగనులున్నాయి. వాటి గుంతల్లో నిలిచిన వాననీటిలో పసుపు పొట్ట కప్పలు గుడ్లు పెడతాయి. జర్మనీలో చాలాచోట్ల అరుదైపోయిన ఆ కప్పకు తవ్విన నేలే ఇల్లయింది.

క్యాబేజీ తురుము ఊరబెట్టే జాడీలు మాత్రం ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. మనం జాడీ మూతికి గుడ్డతో వాసెన కడతాం. వాళ్ల జాడీ మూతి చుట్టూ చిన్న కాలువ ఉంటుంది. అందులో నీళ్లు పోసి మూత బోర్లిస్తారు. పులిసేటప్పుడు పుట్టే వాయువు బుడగలుగా బయటికి వస్తుంది. బయటి గాలి లోపలికి పోదు.