లీ–జాక్సన్ కిటికీలు: పటాలం జెండా చర్చి గోడెక్కిన వైనం

వాషింగ్టన్ నేషనల్ కేథడ్రల్ దక్షిణపు గోడకు 2023 సెప్టెంబర్ 23న కొత్త రంగుటద్దాల కిటికీలు ఆవిష్కరించారు. ఆ చోట 1953 నుంచి 2017 దాకా ఉన్నవి రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్ కిటికీలు. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది కూటమి కాన్ఫెడరసీకి వీళ్ళిద్దరూ సేనానులు. వీళ్ళు దేశ రాజధానిలోని ప్రార్థనాలయంలోకి ఎలా వచ్చారో తెలియాలంటే ముందు ఆ అద్దాల్లోని జెండా సంగతి చూడాలి.

అంతర్యుద్ధంలో భాగంగా 1861 జులైలో వర్జీనియాలోని మనాసస్ దగ్గర జరిగిన మొదటి పెద్ద పోరులో పొగ, దుమ్ము మధ్య కాన్ఫెడరసీ తొలి జెండాకూ అమెరికా జెండాకూ తేడా తెలియలేదు. సొంత పటాలం ఏదో, శత్రువు ఎవరో పోల్చుకోలేకపోయారు. అందుకే ఉత్తర వర్జీనియా సేనకు వేరే యుద్ధ జెండా కుట్టించారు: ఎర్ర గుడ్డ మీద వాలుగా నీలి శిలువ, అందులో తెల్ల నక్షత్రాలు. పదాతి దళానికి 48 అంగుళాల చదరం, ఫిరంగి దళానికి 36, ఆశ్విక దళానికి 30. అంటే అది దేశపు జెండా కాదు, పటాలాలు మోసిన జెండా.

యుద్ధంలో పట్టుబడిన జెండాలు వాషింగ్టన్‌లోని యుద్ధ శాఖకు చేరాయి. 1887లో అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ వాటిని తిరిగి ఇచ్చేద్దామంటే ఉత్తరాది మాజీ సైనికులు మండిపడ్డారు, ఆయన వెనక్కి తగ్గాడు. 1905లో కాంగ్రెస్ తీర్మానంతో అవి ఆయా రాష్ట్రాలకు వెళ్ళాయి. 1948లో నల్లవారి పౌరహక్కులను వ్యతిరేకిస్తూ దక్షిణాదిలో పుట్టిన డిక్సీక్రాట్ పార్టీ సభల్లో ఇదే జెండా ఎగిరింది. అయిదేళ్ళకు అది చర్చి అద్దంలోకి వచ్చింది. కిటికీలకు పట్టుబట్టి డబ్బు సమకూర్చింది 1894లో ఏర్పడిన, కాన్ఫెడరసీ సైనికుల వారసురాళ్ళ సంఘం యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ. రూపకర్త బోస్టన్‌కు చెందిన విల్బర్ బర్నమ్.

ఆ కిటికీల్లో జాక్సన్ ఒకచోట శిబిరంలో మోకరిల్లి బైబిల్ చదువుతుంటాడు. ఇంకోచోట కవచం తొడిగిన మధ్యయుగపు క్రూసేడ్ (మతయుద్ధ) యోధుడిలా బూరలు మోగుతుండగా స్వర్గంలోకి అడుగుపెడతాడు. అసలు చిక్కు ఇక్కడుంది. గోడకు తగిలించిన జెండా ఒక జ్ఞాపకం అనుకోవచ్చు, సేనానిని పునీతుల వరసలో నిలబెట్టాక అది జ్ఞాపకం కాదు, తీర్పు.

2015 జూన్‌లో చార్ల్‌స్టన్ చర్చిలో ఒక శ్వేతజాత్యహంకారి తొమ్మిది మంది నల్లవారిని కాల్చి చంపాక, కేథడ్రల్ డీన్ (ప్రధాన మతగురువు) గ్యారీ హాల్ కిటికీలు తీసేయాలన్నారు. కమిటీ వేశారు. 2016లో జెండా ఉన్న రెండు అద్దాలు మాత్రం తీసి సాదా గాజు పెట్టారు, మిగతాదానిపై చర్చ సాగనిచ్చారు.

ముక్క మార్చడం కష్టమైన పనే కాని అసాధ్యం కాదు. గాజు ముక్కలను పట్టి ఉంచేది సీసపు పట్టీ. దాని అంచును మెల్లగా పైకి లేపి, గట్టిపడ్డ పుట్టీ గోకి, పాత ముక్క తీసి, అదే కొలతకు కోసిన గాజు దూర్చి, అంచు మళ్ళీ అణచి, అవిసె నూనె, సుద్దపొడి కలిపిన పుట్టీ నింపుతారు. పాత సీసాన్ని ఎక్కువ వంచితే చిట్లుతుంది. అయితే ముదురు రంగుల మధ్య సాదా గాజు ఎప్పుడూ మిగతావాటికన్నా ఎక్కువ వెలుగుతుంది, కన్ను ముందు అక్కడికే పోతుంది. జెండా పోయింది, కవచం తొడిగిన జాక్సన్ అలాగే ఉన్నాడు. ఈ సగం మార్పు నిలబడేది కాదు.

2017 ఆగస్టులో వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో శ్వేతజాత్యహంకారుల ర్యాలీ హింసకు దారితీసింది. సెప్టెంబర్ 5న కేథడ్రల్ పాలకవర్గం ఓటు వేసింది, మర్నాడే పరంజా లేచింది. ఇలాంటి కిటికీ ఒకే పలకగా ఉండదు. పలకలు అడ్డ కమ్మీలకు రాగి తీగలతో కట్టి ఉంటాయి, అంచులు రాతి గాడిలో దిగి ఉంటాయి. తీగలు తెంపి, గాడిలోని గచ్చు ఉలితో చెక్కి, మామూలుగా పై పలకతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ దించుతారు. మోసేటప్పుడూ దాచేటప్పుడూ నిలువుగానే ఉంచాలి. పడుకోబెట్టి ఎత్తితే సొంత బరువుకే సీసం వంగి గాజు పగులుతుంది.

ఆ ఖాళీలోకి వచ్చిన కొత్త కిటికీలు అలబామాలో పుట్టిన నల్లజాతి చిత్రకారుడు కెర్రీ జేమ్స్ మార్షల్ గీసినవి. గాజులో ఆయనకిదే తొలి పని. అద్దాల తయారీ ఆండ్రూ గోల్డ్‌కూలేది. ‘ఫెయిర్‌నెస్’ (న్యాయం), ‘నో ఫౌల్ ప్లే’ (అన్యాయం వద్దు) అని రాసిన అట్టలు పట్టుకుని నడిచే నల్లవాళ్ళు వాటిలో ఉన్నారు, వాళ్ళలో పునీతులూ లేరు, సేనానులూ లేరు. మార్షల్ తీసుకున్న పారితోషికం 18 డాలర్ల 65 సెంట్లు, అంతర్యుద్ధం ముగిసిన 1865కు గుర్తుగా. కింద సున్నపురాతి పలకల మీద ఎలిజబెత్ అలెగ్జాండర్ కవిత చెక్కారు. దించిన పాత పలకలను పగలగొట్టలేదు. లీ కిటికీ భాగాన్ని కొంతకాలం స్మిత్సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో, బానిసత్వం తర్వాతి కాలపు ప్రదర్శనలో పెట్టారు.