ఒక్క రన్‌లో వచ్చిందే బెస్ట్ ఆన్సరా? జెనెటిక్ అల్గారిథమ్‌పై అపోహలు - వాస్తవాలు

వారం తిరగకుండా ఎవరో ఒక ఎంటెక్ విద్యార్థి ఇదే అడుగుతాడు: "సార్, అదే కోడ్, అదే డేటా. రన్ చేసిన ప్రతిసారీ వేరే ఆన్సర్ వస్తోంది. ఎక్కడ తప్పు చేశాను?" మొన్న ఒకమ్మాయి వైవాకు రెండు రోజుల ముందు, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి దాదాపు ఏడ్చేసింది. తప్పేమీ లేదమ్మా. జెనెటిక్ అల్గారిథమ్ (జీఏ) అంటే జీవ పరిణామంలాగా జవాబులను కలుపుతూ, మారుస్తూ, మంచివాటిని తరతరానికీ ఎంచుకుంటూ పోయే పద్ధతి. మొదటి పాపులేషన్ (తొలి జవాబుల గుంపు) నుంచి మ్యుటేషన్ (జవాబులో చిన్న మార్పు) దాకా అన్నీ ర్యాండమ్ నంబర్ల మీద నడిచేవే. సీడ్ (ఆ నంబర్లకు మొదలుపెట్టే సంఖ్య) మారితే ఆన్సర్ మారుతుంది. దానికి టెన్షన్ ఎందుకు?

ఈ భయానికి మూలం ఒకే అపోహ: జీఏ గ్లోబల్ ఆప్టిమమ్ (అన్నిటికన్నా మేలైన జవాబు) ఇచ్చి తీరుతుందని. ఎవరు పుట్టించారో గానీ, దీనివల్ల జరుగుతున్న నష్టం అంతా ఇంతా కాదు. ఎలిటిజం (బెస్ట్ జవాబును వదలకుండా ఉంచుకోవడం) లేని మామూలు జీఏ గ్లోబల్ ఆప్టిమమ్ దగ్గర స్థిరపడదని పరిశోధకుడు గుంటర్ రుడాల్ఫ్ 1994లోనే నిరూపించారు. దొరికిన మంచి జవాబును తరతరానికీ దాచుకుంటూ పోతే చేరుతుంది, కానీ ఆ గ్యారంటీ అంతులేని కాలానికి. మన దగ్గరున్నది ఒక లాప్‌టాప్, ఒక రాత్రి.

జీడిమెట్లలో ఒక చిన్న మెషిన్ షాపుకు జీఏతో జాబ్ షెడ్యూల్ (ఏ పని తర్వాత ఏది అనే వరుస) చేసిచ్చాను. 200 తరాలు నడిచాయి, మెరుగుదల గ్రాఫ్ చదునైంది, ఇక ఇదే బెస్ట్ అనుకుని ప్రింట్ తీసి ఇచ్చేశాను. ఫోర్‌మన్ ఆ కాగితం చూసి, చెవి మీది పెన్సిల్ తీసి, "ఈ రెండూ ఒకే చక్‌కు పట్టేవి కదా సార్, మధ్యలో ఇదెందుకు?" అని రెండు గడులు అటూ ఇటూ మార్చాడు. ఒక సెటప్ (బిగింపు మార్చి మెషిన్ సిద్ధం చేయడం) తప్పింది, నలభై నిమిషాలు మిగిలాయి. సెటప్ టైమ్ ఫిట్‌నెస్‌లో (షెడ్యూల్ ఎంత మంచిదో చూసే లెక్కలో) ఉంది, అయినా దొరకలేదు. ఇంటికొచ్చి లాగ్ తెరిస్తే, 40వ తరానికే వంద షెడ్యూళ్లూ దాదాపు ఒకే మూసలో ఉన్నాయి. వెతకడం అక్కడే ఆగిపోయింది, గ్రాఫ్ చదునైంది అందుకే.

కాబట్టి కనీసం 30 సీడ్‌లతో రన్ చేయండి. బెస్ట్ ఒక్కటే కాదు, మీడియన్, వర్స్ట్ కూడా టేబుల్‌లో పెట్టండి. పాపులేషన్‌లో వైవిధ్యం ఎంత మిగిలిందో చూస్తూ ఉండండి. చివర్లో ఆ ఫోర్‌మన్ చేసినట్టే పక్కపక్క జాబులు మార్చి చూసే లోకల్ సెర్చ్ ఒకటి కలపండి. 30 రన్‌లూ ఒకే చోటికి వస్తే నమ్మకం పెరుగుతుంది, అది రుజువు మాత్రం కాదు. ఆ అమ్మాయి ఆ రాత్రే రన్ పెట్టి పడుకుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఏ సమస్యకైనా జీఏనే మేలా? కాదు. అన్ని సమస్యల మీద సగటు తీస్తే ఏ పద్ధతీ మరోదానికన్నా గొప్ప కాదని 1997లో పరిశోధకులు వోల్పర్ట్, మెక్‌రెడీ చూపించారు. మీ సమస్య లీనియర్ (సరళరేఖ సమీకరణాలతో చెప్పగలిగేది) అయితే, దానికోసమే ఉన్న సింప్లెక్స్ పద్ధతి వాడండి, నిమిషంలో తేలిపోతుంది. ఇది థీసిస్‌లకే తప్ప పనికిరాదనేవాళ్లకు: 2006లో నాసా ఎస్‌టీ5 ఉపగ్రహాలతో పైకి వెళ్లిన వంకర తీగ యాంటెన్నా ఆకారం ఇలా పరిణామంలో పుట్టిందే. ఐఐటీ కాన్పూర్‌లో కల్యాణ్మయ్ దేబ్ బృందం తయారుచేసి, 2002లో పేపర్‌గా వచ్చిన ఎన్‌ఎస్‌జీఏ-2 అనే జీఏ రకాన్ని ఖర్చు, బరువు లాంటి రెండు లక్ష్యాలు ఒకదానికొకటి అడ్డొచ్చే డిజైన్లలో ఇవాళ్టికీ వాడుతున్నారు. నేనూ వాడుతున్నాను.