తాళం లేని పెట్టె, నీళ్లు తాగే కర్ర

జపాన్ రహస్యపు పెట్టెల వీడియో చూసిన ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "మూత లేదు, తాళం లేదు, ఎక్కడా సందు కనిపించదు. లోపల అయస్కాంతం ఉంటుందా, స్ప్రింగ్ ఉంటుందా?" హకోనే కొండల్లో పాత పద్ధతిలో చేసే పెట్టెల్లో రెండూ ఉండవు. ఉండేదల్లా కర్ర, జిగురు, గాడులు. నన్ను కట్టిపడేసేది కూడా అదే. గాలిలో తేమ మారితే చాలు కర్ర కొలత మారిపోతుంది. అలాంటి పదార్థంతో వెంట్రుకవాసి తేడా రాకూడని యంత్రం చేస్తున్నారు!

చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. పాత తోకైడో రహదారి హకోనే కొండల మీదుగా పోయేది. ఆ దారిన పోయే బాటసారులు చెక్క వస్తువులు కొనుక్కునేవారు. 19వ శతాబ్దం తొలి భాగంలో హతాజుకు గ్రామంలో ఇషికావా నిహే అనే ఆయన రంగురంగుల కర్రముక్కలు అతికించి నగిషీ చేసే యోసెగి పనిని మొదలుపెట్టారని చెబుతారు. రహస్యపు పెట్టె, అంటే హిమిత్సు బాకో, ఆ పరిసరాల్లోనే పుట్టింది. యోసెగి పనికి 1984లో ప్రభుత్వం సంప్రదాయ కళగా గుర్తింపు ఇచ్చింది.

ఇక అసలు సంగతి. పెట్టె ముఖాలుగా మనకు కనిపించేవాటిలో కొన్ని జరిగే పలకలు. ఒక పలక అంచున కుసి, అంటే పొడుచుకొచ్చిన సన్నటి నాలుకలాంటి భాగం, ఉంటే, పక్క పలకలో దానికి సరిపడే గాడి ఉంటుంది. పై పలక జరగాలంటే పెట్టె చివరన నిలువుగా ఉన్న పలక అడ్డం. ఆ చివరి పలకలో ఒక చెక్కముక్కను రెండు మిల్లీమీటర్లు కిందికి నెడితే పై పలకకు రెండు మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. పై పలక ఆ కాస్తా జరిగేసరికి, అది అప్పటిదాకా బిగబట్టి ఉంచిన అవతలి చివర వదులవుతుంది. అవతలి చివర కదిలితే కింది పలకకు చోటు వస్తుంది. కింది పలక కదిలితే మొదటి చెక్కముక్క ఇంకొంచెం దిగుతుంది. మూత పూర్తిగా జారడానికి కావలసిన ఖాళీ ఒక్కసారిగా రాదు, ఇలా రెండేసి మిల్లీమీటర్లుగా పోగవుతుంది. నాలుగు కదలికల పెట్టెలున్నాయి, పది కదలికలవి ఉన్నాయి, డెబ్బై రెండు కదలికలవీ ఉన్నాయి. మూయాలంటే సరిగ్గా అదే వరుసలో వెనక్కి రావాలి.

ఇప్పుడు ఆ రెండు మిల్లీమీటర్ల పక్కన తేమను పెట్టి చూడండి. బళ్లో వ్యాకోచం పాఠం అంటే వేడి, రైలుపట్టాల మధ్య సందు, అంతే. కర్ర ఉబ్బడం ఊసు ఆ పాఠంలో పెద్దగా రాదు. మన ఇళ్లలో మాత్రం వానాకాలం రాగానే తలుపు బిగుసుకుపోతుంది. రాత్రిళ్లు పాత మిద్దెల్లో దూలం టక్కుమంటే దయ్యమని దిష్టి తీయించేవాళ్లూ ఉన్నారు. పగలూ రాత్రీ మారే వేడికీ తేమకూ కర్ర సర్దుకుంటున్న చప్పుడది.

లెక్క వేద్దాం. పది సెంటీమీటర్ల వెడల్పున్న పలక తీసుకోండి. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరిగితే అది నారకు అడ్డంగా సుమారు 0.06 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే పలకలో తేమ 4 శాతం పెరిగితే, వార్షిక వలయాల వెంబడి, కాస్త అటూ ఇటూగా ఒక మిల్లీమీటరు ఉబ్బుతుంది! మానుకు నడిమధ్య నుంచి బెరడు వైపుకు చూస్తే, అంటే వలయాలకు అడ్డంగా, అందులో సగం. నార పొడవునా అయితే దాదాపు సున్నా. కారణం కణం గోడలో ఉంది. సెల్యులోజ్ పోగులు చాలావరకు చెట్టు నిలువునా పేర్చి ఉంటాయి. నీటి అణువులు పోగుల మధ్యకు దూరి వాటిని ఎడంగా నెడతాయి కానీ, పోగును పొడవుగా సాగదీయలేవు. కర్రలో తేమ 30 శాతం దగ్గరకు చేరేసరికి గోడలు నిండిపోతాయి. ఆ పైన ఎంత నీరు చేరినా ఉబ్బు ఉండదు.

అందుకే పెట్టె చేసేవాళ్లకు నార దిక్కు ప్రాణం. గాడి ఉన్న చెక్కా, అందులో జారే పలకా ఒకే దిక్కున ఉబ్బితే రెండూ కలిసి పెరుగుతాయి, మధ్య సందు అలాగే ఉంటుంది. ఒకదాని నార అడ్డంగా, రెండోదాని నార నిలువుగా పడితే పలక పెరుగుతుంది, గాడి పెరగదు. జూన్ వానలు మొదలయ్యేసరికి పెట్టె బిగుసుకుపోతుంది. సందు ఎక్కువ వదిలేద్దామంటే పలక లొడలొడలాడి గుట్టు బయటపెట్టేస్తుంది. కర్రను బాగా ఆరబెట్టాకే కోయడం, వలయాలు పలకకు నిలువుగా పడేలా కోసి ఉబ్బును సగానికి తగ్గించడం, ఇవన్నీ ఈ సన్నటి సందు కోసమే.

పైనున్న నగిషీ కూడా ఈ లెక్కలోదే. రంగు వేయరు. తెల్లనిదీ పసుపుదీ గోధుమదీ, కర్రకు పుట్టుకతో వచ్చిన రంగే. ముక్కలు అతికించి దిమ్మె చేసి, దాన్ని చిత్రిక పడితే కాగితమంత పలచటి పొర సుళ్లు తిరుగుతూ ఊడివస్తుంది. ఇస్త్రీ చేసి చదును చేసి పెట్టెకు అంటిస్తారు. అంత పలచటి పొర తేమకు ఉబ్బినా కింది పలకను వంచేంత బలం దానికి ఉండదు. పైగా పలకల అతుకులు ఆ గీతల్లో కలిసిపోతాయి. మొదట ప్రశ్న అడిగిన పాఠకురాలికి సందు కనిపించకపోవడానికి కారణం ఇదే.

మీ ఇంట్లో ఇలాంటి పెట్టె ఉండి వానాకాలంలో కదలకపోతే బలవంతంగా నెట్టకండి. కుసి విరిగితే మళ్లీ అతికించడం చాలా కష్టం. నూనె అసలు పోయకండి, కర్ర పీల్చుకుని మరక పడుతుంది. ఎండలో కాకుండా, పొడిగా ఉన్న గదిలో కొన్ని రోజులు ఉంచి, మళ్లీ మెల్లగా జరిపి చూడండి.